నిద్రపోయే మనిషిని లేపొద్దు

“ముందు బువ్వ తినుండ్రి. గా ఫోన్ల ఏమున్నది, ఎక్కడికన్న పోతదా అది?” అంది లీలమ్మ వంటింట్లోంచి.

ఎవరూ కదల్లేదు. ముందు గదిలో మంచం మీద ఇశ్రాయేలు, ఆయన పక్కన కూతురు రూప కూర్చున్నారు. కొడుకు ప్రేమ్‌రాజ్ వాళ్ల ముందు నేల మీద కూలబడి ఫోన్ పట్టుకున్నాడు. సాక్ష్యం మోసుకొచ్చినవాడి హోదా వేరు కదా, అందరికంటే దగ్గరగా తనే చూస్తున్నాడు.

“జహీర్ భాయ్ ఊర్ల లేకనే గిన్ని దినాలు ఆగినం,” అన్నాడు. “ఇయ్యాలే వచ్చిండు. గా పొద్దటిది మొత్తం కెమెరాల ఉన్నది. ఇగ చూడు చెల్లే, ఆ మేడమ్ అబద్ధం ఎట్ల బయటపడ్తదో.”

జహీర్ భాయ్‌ది ఎదురుగా కూలర్లు తయారుచేసే దుకాణం. ఇనుప రేకులు ఎవరో ఎత్తుకుపోతున్నారని షట్టర్ మీద కెమెరా పెట్టించుకున్నాడు. దాని కన్ను సరిగ్గా ఇశ్రాయేలు ఇంటి తలుపు మీద పడుతుంది.

“చూసినంక తింటం లేమ్మా,” అంది రూప. నోటీసు వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల గొంతులో ప్రాణం వినిపించడం ఇదే మొదలు.

మారథాన్ పరుగెత్తేవాళ్ల బతుకులో ఒక విడ్డూరం ఉంది. దేశం తరఫున పరుగెత్తే స్థాయికి వచ్చిన మనిషి, రోజూ ఒక గంట తను ఎక్కడ ఉంటుందో ముందే ఫోన్‌లో చెప్పి పెట్టాలి. ఆ గంటలో డోపింగ్ పరీక్షవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు తడతారు. వాళ్ల కళ్ల ముందే సీసాలో మూత్రం పట్టి ఇవ్వాలి. ఏడాదిలోపల మూడుసార్లు మనిషి దొరక్కపోతే, ఏ మందూ మింగకపోయినా సరే, నిషేధమే.

రూప ఇప్పటికి రెండుసార్లు దొరకలేదు. ఒకసారి క్యాంపు నుంచి వస్తున్న రైలు దారిలో ఆగిపోయింది. ఇంకోసారి తప్పు తనదే, క్యాంపు మారినప్పుడు అడ్రసు మార్చడం మరిచిపోయింది. ఈ మూడోది మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ఆ పొద్దున ఆ గంటంతా ఇదే ఇంట్లో, లోపలి గదిలో పడుకునే ఉంది.

రాకుండానే ‘వచ్చాం, మనిషి లేదు’ అని ఆ అధికారి రాసి పారేసిందని ఇంట్లో తేల్చేశారు. ప్రేమ్‌రాజ్ ఆ మాట శాలిబండ అంతా చాటింపు వేశాడు. నోటీసుకు ఎల్లుండిలోగా జవాబు పంపాలి. ఆసియా పోటీలకు జట్టును ఎంచే పరుగు వచ్చే నెలలోనే ఉంది. రూపకు ముప్పై దాటాయి. ఈసారి తప్పితే మళ్లీసారి అనే మాట ఆమె వయసులో ఎవరూ అనరు.

ప్రేమ్‌రాజ్ వీడియో నడిపించాడు. ఖాళీ గల్లీ. ఒక పిల్లి గోడ దిగింది. పాల ప్యాకెట్ల బండి వచ్చి పోయింది.

“చూసినవా బాపు? ఒక్క పురుగు లేదు,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

“జెర ఆగురా,” అన్నాడు ఇశ్రాయేలు.

గల్లీ మొదట్లో ఇద్దరు కనిపించారు. మెడలో కార్డు వేసుకున్న ఆడమనిషి, ఆమె వెనక పెట్టె పట్టుకున్న కుర్రాడు. ఇంటి నంబర్లు చూసుకుంటూ వచ్చి సరిగ్గా ఈ తలుపు ముందే ఆగారు. ఆమె తలుపు తట్టింది.

ప్రేమ్‌రాజ్ ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. తెరిచిన మనిషి కనిపించలేదు. గాజుల చెయ్యి, ఆకుపచ్చ చీర అంచు మాత్రం కనిపించాయి. ఏవో మాటలు. ఆ చెయ్యి అడ్డంగా ఊగింది. తలుపు మూసుకుంది. ఆ ఇద్దరూ వెళ్లిపోలేదు. ఎదురుగా కూలర్ల దుకాణం రేకుల కింద నిలబడ్డారు.

కాసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి మనిషి పూర్తిగా బయటికి వచ్చింది. స్టీలు పళ్లెంలో రెండు గ్లాసులు పట్టుకుని గల్లీ దాటి వాళ్లకు చాయ్ అందించింది. నవ్వుతూ ఏదో మాట్లాడింది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికొచ్చి గడియ పెట్టుకుంది. తర్వాత ఆ ఆడమనిషి మళ్లీ వచ్చి తట్టింది. కిటికీలోంచి అదే చెయ్యి అడ్డంగా ఊగింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కూలర్ల దుకాణం కెమెరా పట్టేసింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. లీలమ్మ గడపలోకి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. ఒంటి మీద అదే ఆకుపచ్చ చీర.

“అమ్మా,” అంది రూప. “గది నువ్వేనా?”

“నేనే.”

“నేను ఇంట్ల లేనని చెప్పినవా?”

“చెప్పిన.”

“లేదని చెప్పి చాయ్ గూడ పోసినవా!”

“ఎండకు నిలవడ్డరు గదనే,” అంది లీలమ్మ. అది పొద్దుటి పూట అన్న సంగతి ఆమెకూ తెలుసు. మాట దొరక్క అంది.

రూప లేచి నిలబడింది. “ఎందుకే? ఎందుకు జేసినవ్ గిట్ల? నేను లోపల పన్నెండడుగుల దూరంల పండుకొని ఉన్న. ఒక్క కేక వేస్తే అయిపోతుండె గద! నీకెన్నిసార్లు చెప్పిన, ఎవరన్న వస్తరు, వస్తే లేపు అని?”

“గా వచ్చేటోళ్లు వీళ్లని నాకెట్ల తెలుస్తది? కార్డు ఏసుకున్నరు, పెట్టె పట్టుకున్నరు. రూప ఉన్నదా అన్నరు. నువ్వు నిద్రల ఉన్నవ్. నా నోట్లకెల్లి ‘లేదు’ అనే వచ్చింది. ముప్పై ఏండ్ల నోరు ఇది.”

ఆ మాట రూపకు అర్థం కాక కాదు. ఇశ్రాయేలు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే, ఎవరో డ్రైవరు రాలేదని డిపో నుంచి మనిషి వచ్చేవాడు. డ్యూటీకి రమ్మని. డ్రైవర్ల ఇళ్లలో ఆడవాళ్లందరికీ అప్పుడు ఒకటే జవాబు: ఇంట్లో లేడు. వచ్చినవాడికి అది అబద్ధమని తెలుసు, చెప్పే ఆమెకూ వాడికి తెలుసని తెలుసు. వాడు కోపం పెట్టుకోకుండా ఒక చాయ్ పోసేవాళ్లు. వాడు కాసేపు నిలబడి, తాగి, ఇంకో డ్రైవరు ఇంటికి పోయేవాడు.

“గప్పుడంటే బాపు బస్సు నడిపిండు,” అంది రూప. “నేను బస్సు నడుపుతున్ననా? నన్ను ఎవరు పిలుస్తరు డ్యూటీకి?”

“నిద్ర అందరికీ ఒక్కటే. ఊకె కూసోని పట్టిన నిద్ర కాదు గద నీది. ముందుదినం పొద్దంత ఉరికొచ్చినవ్. కాళ్లకు నేనే నూనె రాసిన. పండుకునేటప్పుడు నువ్వేమన్నవ్? ‘అమ్మా, కాళ్లు పీక్కపోతున్నయ్, పొద్దుగాల ఎవ్వరొచ్చినా నన్ను లేపకు’ అనలేదా?”

ప్రేమ్‌రాజ్ చెల్లెలి వైపు తిరిగాడు.

“నేనన్నది చర్చి పోరగాళ్ల గురించి!” అంది రూప. “ఆదివారం వస్తె చాలు, సెల్ఫీలని మీద పడ్తరు. గా లొల్లి పడలేక అన్న. నువ్వు దాన్ని పట్టుకొని...”

“నువ్వు ఎవ్వరొచ్చినా అన్నవ్. చర్చి పోరగాళ్లని అనలేదు.”

“బాపు, చూడు! తప్పు నాదట ఇప్పుడు!”

ఇశ్రాయేలు కుడి కాలు రెండు చేతులతో ఎత్తి మంచం మీదికి జరుపుకున్నాడు. ఆ కాలు ఆయన మాట వినడం మానేసి చాలా ఏళ్లయింది.

“దాని తప్పు కాదు, నీ తప్పు కాదు,” అన్నాడు. “ఒక్కసారి మీ అమ్మ నిజం చెప్పింది. నువ్వప్పుడు చంకల పిల్లవు. కొత్త డిపో మేనేజర్ వచ్చిండు, భయపడ్డది. ‘ఉన్నడు సార్, లేపుత’ అన్నది. లేపింది. నేను పోయిన.”

“ఇప్పుడెందుకయ్యా అది,” అంది లీలమ్మ.

“ఎందుకంటే వాళ్లకు తెల్వాలె. చాంద్రాయణగుట్ట మలుపుల కండ్లు మూతవడ్డయ్. బస్సు పోయి గోడకు కొట్టింది. నాకు కాలు పోయినంత పని అయింది, దేవుడు దయతలిచి మళ్ల నిలబెట్టిండు. కండక్టర్ అంజన్‌ను నిలబెట్టలేదు. గప్పటి సంది మీ అమ్మ నిద్రల ఉన్న మనిషిని లేపుమంటె వణుకుతది.”

ఈ కథ పిల్లలు ఇంతకుముందు విన్నదే. బస్సు గోడను కొట్టిన సంగతి విన్నారు. ఎవరు లేపి పంపారన్నది ఇవాళే వింటున్నారు. రూపకు జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా మండింది. తన తప్పు కాని ఒక ప్రమాదం, తను చంకలో ఉన్నప్పుడు జరిగినది, వచ్చి వచ్చి తన పరుగు మీద పడాలా?

ప్రేమ్‌రాజ్ అప్పటికే కోచ్ పురుషోత్తంకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు.

“ఆ వీడియో ఇంకెవరన్న చూసిండ్రా?” అన్నాడు పురుషోత్తం.

“జహీర్ భాయ్ చూసిండు సార్. ‘ఆప్‌కే ఘర్ కా మామ్లా హై, మై కిస్కో నై బోల్తా’ అన్నడు. ఇంటి సంగతి, నేనెవరికీ చెప్పనని. ఆయనతోటి ఫికర్ లేదు.”

“రూపా, విను. మూడుసార్లు దొరకలేదంటే రెండేండ్లు ఆపుతరు. బతిమాలితే ఏడాదికి తగ్గిస్తరు. కానీ ఇంట్ల ఉండి లేనని చెప్పించిందంటే అది తప్పించుకోవుడు కింద లెక్క. నాలుగేండ్లు. పైగా మందు మింగింది కాబట్టే దాక్కున్నదని అందరంటరు. నీ పాత పరుగులన్నీ అనుమానంతోటి చూస్తరు.”

“నేను దాక్కోలేదు సార్! నిద్రల ఉన్న!”

“నాకు తెలుసు. వాళ్లకెట్ల తెలుస్తది?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంట్లో లేనని అబద్ధం చెబితే ఏడాదో రెండేళ్లో పోతాయి, అదీ బయటపడకపోతే. నిజం చెబితే నాలుగేళ్లు పోతాయి, పరువు అదనం. పరుగెత్తడమే తప్ప ఇంకేదీ చేతకాని మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

“ఒక్క తొవ్వ ఉన్నది,” అన్నాడు పురుషోత్తం. గొంతు తగ్గించాడు. స్పీకర్‌లో ఉన్నానని మరిచిపోయి ఉంటాడు. “లీలమ్మగారికి పెద్ద వయసు. మతిమరుపు ఉన్నదని, ఎవరొచ్చిండ్రో, ఏం చెప్తున్నదో తెల్వని స్థితిల ఉన్నదని డాక్టర్ దగ్గర రాయిద్దాం. మతి స్థిమితం లేని మనిషి తలుపు తీస్తే రూప తప్పేం ఉంటది? అప్పుడు ఈ మూడోది కొట్టేస్తరు. నాకు తెలిసిన డాక్టర్ ఉన్నడు.”

లీలమ్మ గడప మీద అలాగే నిలబడి విన్నది.

ఆమె చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద. బైబిలు తెరవకుండానే ఏ వాక్యం ఎక్కడుందో చెబుతుంది. పాస్టరుగారే ప్రసంగం మధ్యలో తడుముకుంటే ముందు వరసలోంచి ఈమె అందిస్తుంది. గల్లీలో ఏ పిల్ల ఏ రోజు పుట్టిందో ఆమెను అడిగాకే బర్త్ సర్టిఫికెట్‌కు పోతారు.

ఆమె లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

“ఇంకొక్కటి,” అన్నాడు పురుషోత్తం. “ఎవ్వరొచ్చినా లేపొద్దని రూప అన్నదని చెప్పిండ్రు గద. ఆ మాట మాత్రం ఆ ఇంటి గడప దాటొద్దు. అది వాళ్ల చెవుల పడ్డదంటె ఇగ దేవుడు గూడ కాపాడలేడు. సమజైందా?”

“సమజైంది సార్,” అన్నాడు ప్రేమ్‌రాజ్. ఫోన్ పెట్టేశాడు.

ఇశ్రాయేలు చేతికి అందిన చెంబు తీసి గోడకేసి కొట్టాడు. నీళ్లు క్యాలెండర్ మీద పడ్డాయి.

“నా పెండ్లాన్ని పిచ్చిదని రాయిస్తరా? ఎవనికి పుట్టిందిరా గా ఆలోచన?”

“పిచ్చి అనలేదు బాపు, మతిమరుపు అన్నడు.”

“రెండు ఒక్కటే గల్లీల! రేపు స్త్రీల కూటంల ఎవరు లెక్కచేస్తరు దాన్ని? నా ఇంట్ల ముప్పై ఏండ్లు నన్ను బతికించింది గదిరా గా అబద్ధమే!”

“మరి చెల్లె బతుకు? పదిహేనేండ్లు ఉరికింది. గా చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద కుక్కలు ఎంటవడంగ, పోరలు ఈలలు కొట్టంగ ఉరికింది. ఒక కాయితంతోటి అయిపోయేదానికి ఆమెను ఇంట్ల కూసోబెడ్తవా?”

“అది అడుగుతున్నదా? అది అడగని! నువ్వెందుకు నడుమ?”

ఇద్దరూ రూప వైపు తిరిగారు.

రూప తల దించుకుని కాలి బొటనవేలి గోరు చూసుకుంటోంది. పరుగుకు నల్లబడి ఊడి మళ్లీ మొలిచిన గోరు. కుక్కల మాట ప్రేమ్‌రాజ్ ఎత్తాడు గానీ, ఆ కుక్కలను తరిమిందెవరో ఆమెకు గుర్తుంది. మొదట్లో ఆమె పరుగెత్తుతుంటే బాపు స్కూటర్ మీద వెనకాలే వచ్చేవాడు. వెనక సీటు మీద అడ్డంగా కూర్చుని, చేతిలో కర్రతో అమ్మ. ఇరుగుపొరుగు నవ్వారు. అమ్మ ఒక్కరోజూ మానలేదు.

వద్దు అనాలి. ఒక్క మాట, అమ్మ మీద అట్లాంటిది రాయించొద్దు అనాలి. నోటి దాకా వచ్చింది. దాని వెంటే ఆసియా పోటీల జట్టు, వచ్చే నెల పరుగు, ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన తను కనిపించారు. మాట వెనక్కి పోయింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. లీలమ్మ వచ్చింది. కళ్లు తడిగా లేవు.

“ఏ దవాఖానకు రావాలె?” అంది ప్రేమ్‌రాజ్‌తో.

“అమ్మా...”

“చెప్పు. వస్త. డాక్టర్ అడిగితె ఏమీ యాదికి లేదంట.” ఆమె మొగుడి వైపు తిరిగింది. “నువ్వు ఊకో. నీకోసం చెప్పిన అబద్ధం నాకు పాపమనిపియ్యలేదు ఇన్నేండ్లు. బిడ్డకోసం ఇంకొకటి అంటె ఏమైతది?”

ఆమె రూప వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు ఏమడుగుతోందో ఇంట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. రూప తల ఎత్తలేదు.

“బువ్వ చల్లారిపాయె,” అంది లీలమ్మ. వంటింట్లోకి వెళ్లింది.

ఆ పూట అందరూ తిన్నారు. ఎవరూ ఉప్పు అడగలేదు, కారం ఎక్కువైందనలేదు. కూరలో ఉప్పే లేదని ఇశ్రాయేలు తర్వాత ఎప్పుడో చెప్పాడు.

తెల్లవారింది.

ఆ గంట మొదలు కాకముందే రూప లేచి, ముఖం కడుక్కుని, లోపలి గదిలో తన మంచం మీద కూర్చుంది. నోటీసు వచ్చినప్పటి నుంచీ అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రోజూ ఆ గంటంతా తలుపు వైపు చూస్తూ కూర్చుంటోంది. పరుగుకు వెళ్లాల్సిన చల్లటి పొద్దు అలా కరిగిపోతుంటే కాళ్లు కోపంతో అదురుతాయి.

ఇవాళ అమ్మ చీర మార్చింది. చర్చికి కట్టే తెల్ల చీర. దవాఖానకు అనుకుంది రూప. అడగడానికి ధైర్యం చాలలేదు.

తలుపు చప్పుడైంది.

రూప లేచేలోపు లీలమ్మ గడియ తీసింది. మెడలో కార్డు, పక్కన పెట్టె పట్టుకున్న కుర్రాడు. వీడియోలో చూసిన ఆడమనిషే. పేరు ఉదయశ్రీ అని కార్డు మీద ఉంది.

“నమస్తే అండీ,” అందామె. కోస్తా యాస. మొహంలో జాగ్రత్త కనిపించింది. “రూప గారున్నారా? ఇవాళైనా ఉన్నారా?”

“ఉన్నది,” అంది లీలమ్మ. “రాండ్రి, లోపలికొచ్చి కూసోండ్రి. గా దినం గూడ ఉండె.”

లోపలి గది గడప మీద రూప ఆగిపోయింది. వెనక నుంచి ప్రేమ్‌రాజ్ పరుగున వచ్చాడు.

“మేడమ్, మా అమ్మకు జెర ఆరోగ్యం మంచిగ లేదు. ఇయ్యాల డాక్టర్ దగ్గరకు...”

“నువ్వు ఊకోరా,” అంది లీలమ్మ. కేక వెయ్యలేదు. కూటంలో సాక్ష్యం చెప్పేటప్పటి గొంతు అది, నిదానంగా, అందరికీ వినపడేలా. “మేడమ్, నువ్వు రాకుండనే వచ్చిననని రాసినవని మావోడు గల్లీ గల్లీ తిరిగి చెప్పిండు. నువ్వొచ్చినవ్. నా చేతి చాయ్ తాగినవ్. నీ మీద నింద పడుతుంటె నాకు రాత్రి కండ్లు మూతవడలేదు.”

“అవన్నీ ఇప్పుడెందుకులెండి అమ్మా,” అంది ఉదయశ్రీ. కానీ కూర్చోలేదు.

“ఎందుకంటె ఇయ్యాల నాకు మతి లేదని రాపియ్యబోతున్నరు. నాకు మతి మంచిగనే ఉన్నది. గా దినం నువ్వు నీలం చుడీదార్ ఏసుకున్నవ్. ఈ పిల్లగాడు చక్కెర తక్కువ ఏయమన్నడు. నీ చెప్పు తెగితె పిన్నీసు అడిగినవ్, ఇచ్చిన. నిజమా కాదా?”

పెట్టె పట్టుకున్న కుర్రాడు తల ఊపాడు.

“నిజమేనండీ,” అంది ఉదయశ్రీ.

“బిడ్డ లోపల పండుకొని ఉన్నది. నేనే లేదన్న. తప్పు నాది, ఆమెది కాదు. రాసుకో. నేను సంతకం పెడ్త.”

ఇశ్రాయేలు మంచం మీద లేచి కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం రూపకు కూడా గుండె తేలికైంది. రాత్రి తను అనలేకపోయిన మాట అమ్మే అనేసింది. ఇదే నిజం, ఇదే చెబుదాం, ఏమైతే అదవుతుంది అనిపించింది. ముందుకు ఒక అడుగు వేసింది.

ఉదయశ్రీ సంచిలోంచి కలం తీసింది. “లేదని ఎందుకు చెప్పారమ్మా?” అంది. గొంతులో కోపం లేదు. “ఏదో కారణం ఉంటుంది కదా.”

“ఉన్నది. చెప్త. ముందుదినం రాత్రి పండుకునేటప్పుడు ఏం జరిగిందో గూడ నాకు మంచిగ యాదికున్నది.”

“అమ్మా!” అంది రూప.

లీలమ్మ వినిపించుకోలేదు. ఆమెకు మతి ఉందని రుజువు చేసే ఘడియ అది.

“కాళ్లకు నూనె రాస్తున్న. గప్పుడన్నది బిడ్డ, ‘అమ్మా, పొద్దుగాల ఎవ్వరొచ్చినా నన్ను లేపకు’ అని. ఒక్క అక్షరం పొల్లుపోలేదు చూడు. అందుకే లేపలేదు.”

కలం ఆగింది. ఉదయశ్రీ తల ఎత్తి, లీలమ్మను దాటి, గడప మీదున్న రూపను చూసింది.

“రూప గారూ,” అంది. “ఎవరొచ్చినా లేపొద్దని మీరు చెప్పారా?”

వెనక నుంచి ప్రేమ్‌రాజ్ రూప మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లేదను, లేదను అని ఆ వేళ్లు నొక్కుతున్నాయి. లేదంటే అమ్మ పిచ్చిదవుతుంది. అవునంటే తను దొంగ అవుతుంది.

లీలమ్మ కూతురి వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నెమ్మది కనిపించింది.

“చెప్పు బిడ్డా,” అంది. “భయమెందుకు? నిజమే గద.”